గంత పెద్ద లైట్లున్నయ్ గదా, కనవడలే?

మా చిన్నమ్మ కొడుకు మొన్న సెకండ్ హ్యాండ్‌లో ఒక టూరింగ్ బండి కొన్నాడు. మర్నాడే వాట్సాప్‌లో ఒక ఫొటో, దాని కింద ఒక ప్రశ్న. "అన్నా, ఈ లైట్లు వేయిద్దామనుకుంటున్న. మంచియేనా?" ఫొటోలో ఉన్నవి క్రాష్ గార్డుకు బిగించే జంట ఎల్ఈడీలు. డబ్బా మీద 20,000 ల్యూమెన్లని (వెలుగు కొలత) పెద్ద అక్షరాలతో ఉంది, 40 వాట్లని చిన్న అక్షరాలతో ఉంది. దోస్తులతో కలిసి భూపాలపల్లి, కాళేశ్వరం మీదుగా గోదావరి దాటి మహారాష్ట్రలోని సిరోంచ దాకా పోయి రావాలని వాడి ప్లాను.

"వద్దు" అని ఒక్క ముక్కలో జవాబిస్తే వాడు వినడు. నా బండికి అలాంటివి ఉన్న రోజుల్లో వాడే వాటి పక్కన నిలబడి ఫొటోలు దిగాడు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

నేననేది ఇంతే. బండికి ఉన్న హెడ్‌లైటు సరిగ్గా పడితే మన రోడ్ల మీద చాలావరకు సరిపోతుంది. అది ఎక్కడ పడుతోందో ఒక్కసారి కూడా చూడకుండా పైన ఇంకో జత తగిలిస్తున్నాం. ఆ జత దండగని కూడా అనను, నా బండికి ఇవాళ్టికీ ఉంది. కాకపోతే ఎదురుగా మనిషి వస్తున్నప్పుడు అది వెలగకూడదు. ఈ మాత్రం తెలుసుకోవడానికి నాకు నాలుగేళ్లు, ఒక వంకరపోయిన రిమ్ము పట్టాయి.

తెల్ల బల్బు మోజు

2018 అక్టోబరులో బొగత జలపాతం చూసి తిరిగొస్తుంటే ఏటూరునాగారం దాటగానే చీకటి పడింది. తాడ్వాయి అడవిలో నా 350 సీసీ బండి లైటు చూస్తే ఎవరో కందిలి పట్టుకుని ముందు నడుస్తున్నట్టుంది. పస్రా దాకా మూడో గేరులోనే వచ్చాను. ఇంటికొచ్చిన రాత్రే ఫోన్‌లో ఎల్ఈడీ బల్బు ఆర్డర్ పెట్టేశాను. హాలోజన్ బల్బు పీకేసి దాని స్థానంలో పెట్టుకునే రకం, వెనక చిన్న ఫ్యాన్ ఉంటుంది.

మొదటి రాత్రి హన్మకొండలో నయీంనగర్ నుంచి కేయూ క్రాస్ దాకా ఊరికే ఒక చక్కరు కొట్టాను. ముందు చక్రం దగ్గర రోడ్డు పాలు పోసినట్టు తెల్లగా మెరుస్తోంది. ఇన్నాళ్లు ఎంత నష్టపోయానా అనిపించింది. ములుగు రోడ్డెక్కి ఊరు దాటాక కానీ అసలు సంగతి తెలియలేదు. దగ్గర అంత వెలుగు, దూరాన ఏమీ లేదు. పాత పసుపు లైటులో కనిపించిన కిలోమీటరు రాయి కూడా ఇప్పుడు పక్కకు వచ్చేదాకా కనిపించడం లేదు.

కారణం చాలా రోజుల తర్వాత అర్థమైంది. నా బండిలో ఉండే హెచ్4 రకం హాలోజన్ బల్బులో రెండు ఫిలమెంట్లుంటాయి, దూరానికి కొట్టే అప్పర్‌కు ఒకటి, ఎదుటివాడి కళ్లలో పడకుండా కిందికి దించి కొట్టే డిప్పర్‌కు ఒకటి. డిప్పర్ ఫిలమెంటు కింద చిన్న రేకు దొప్ప ఉంటుంది. ఆ ఫిలమెంటు వెలుగు రిఫ్లెక్టర్ కింది సగానికి తగలకుండా అది అడ్డుపడుతుంది. పై సగానికి తగిలిన వెలుగొక్కటే వంగి రోడ్డు మీద పడుతుంది. డిప్పర్ వెలుగు గోడ మీద గీత గీసినట్టు ఒక ఎత్తు దగ్గర ఆగిపోయేది ఆ దొప్ప వల్లే. మన హెడ్‌లైటులోని అద్దం, రిఫ్లెక్టర్ వంపు అంతా ఆ సన్న తీగచుట్ట ఫలానా చోట ఉంటుందని లెక్కగట్టి చేసినవి. అక్కడ అటు ఒకటి ఇటు ఒకటి చిప్పులు అంటించిన లోహపు పట్టీని పెడితే ఆ లెక్క చెడిపోతుంది. చిప్పులు మిల్లీమీటరు జరిగినా వెలుగు చెదురుతుంది. చెదిరినదాంట్లో కొంత చక్రం ముందు గుమ్మరించినట్టు పడుతుంది, కొంత ఎదుటివాడి కళ్లలోకి పోతుంది. ముందున్న నాలుగు గజాలు అంతగా మెరుస్తుంటే కంటిపాప చిన్నదైపోయి దూరాన ఉన్న చీకటి ఇంకా చిక్కబడుతుంది.

ఫ్యాన్ అడ్డు రావడంతో వెనక రబ్బరు మూత సరిగ్గా కూర్చోలేదు. "ఏం గాదన్నా" అన్నాడు బిగించిన పిల్లాడు. ఒక్క వానాకాలం గడిచేసరికి రిఫ్లెక్టర్ లోపల సన్నటి బురద పొర పట్టింది.

కంపెనీ నుంచే ఎల్ఈడీతో వచ్చే కొత్త బండ్ల సంగతి వేరు. వాటి రిఫ్లెక్టరో ప్రొజెక్టరో ఆ చిప్పు కోసమే గీసినవి. వాటితో నాకు పేచీ లేదు.

చాచా మీటరు

ఆ బురద పొర కడిగించడానికి హన్మకొండలో వైరింగ్ పని చేసే ఒక చాచా దగ్గరికి వెళ్లాను. ముప్పై ఏళ్లుగా లారీల డైనమోలు, సెల్ఫ్ మోటర్లు విప్పుతున్న మనిషి. నా ఎల్ఈడీ బల్బును చూసి ఏమీ అనలేదు. పక్కన పెట్టి పాత హాలోజన్ బల్బు తగిలించి, ఇంజన్ ఆన్‌లో ఉంచి కొంచెం రేజ్ చేయమని మీటరు పుల్లలు పట్టుకున్నాడు. బ్యాటరీ దగ్గర 13.8 ఓల్టులు. హెడ్‌లైటు బల్బుకు వైర్లు తగిలించే కప్లర్ దగ్గర 12.4.

"చూసినవా బేటా, దార్లనే తాగేస్తున్నది."

తాగుతున్నవి ఏమిటో వేలితో ఒక్కొక్కటీ చూపించాడు. తాళం స్విచ్చి, హ్యాండిల్ మీది డిప్పర్ స్విచ్చి, వెంట్రుకల్లాంటి వైర్లు, గోధుమ రంగుకు మాడిపోయిన కప్లర్. ఆ మాడు నా పుణ్యమే. అంతకుముందు ఒక ఏడాది 100/90 వాట్ల (అప్పర్‌లో 100, డిప్పర్‌లో 90) బల్బు వాడాను. 60/55 కోసం వేసిన వైరులో అంత కరెంటు లాగితే ప్లాస్టిక్ కరగక ఏమవుతుంది?

ఒకటిన్నర ఓల్టు పోతే ఏమంత కొంప మునుగుతుందని నేనూ అనుకున్నాను. కానీ హాలోజన్ వెలుగు ఓల్టేజీతో సమానంగా తగ్గదు, దానికి మూడు రెట్ల వేగంతో పడిపోతుంది. ఓల్టేజీ పది శాతం పడితే వెలుగు దాదాపు ముప్పై శాతం పోతుంది. నా బండిలో పోయింది సరిగ్గా అంతే. తాడ్వాయి అడవిలో నేను చూసిన కందిలి ఇదన్నమాట. బల్బు బాగానే ఉంది, దానికి తిండి అందడం లేదు.

చాచా చేసిన పని చాలా మామూలుది. బ్యాటరీ నుంచి ఫ్యూజు గుండా మందపాటి వైరు, దానికో రిలే (చిన్న సైగతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి), హెడ్‌లైటు దాకా నేరుగా. నెగెటివ్ వైరు కూడా కొత్తది. హ్యాండిల్ స్విచ్చి ఇప్పుడు కరెంటు మోయదు, రిలేకు సైగ మాత్రం చేస్తుంది. సామాను, కూలీ అంతా కలిపి వెయ్యి దాటలేదు. ఆ రాత్రి ములుగు రోడ్డు మీద పాత హాలోజనే, పాత అద్దమే, కానీ కిలోమీటరు రాళ్లు మళ్లీ దూరం నుంచే పలకరించాయి.

తమ్ముడు పంపిన డబ్బా లెక్క కూడా ఇక్కడే చూద్దాం. హెచ్4 బల్బుకు ప్రమాణం 13.2 ఓల్టుల దగ్గర అప్పర్‌లో 1,650 ల్యూమెన్లు, డిప్పర్‌లో 1,000. మంచి ఎల్ఈడీ వాట్‌కు నూరు నుంచి నూటయాభై ల్యూమెన్ల దాకా ఇస్తుంది. 20,000 రావాలంటే 130 వాట్ల పైనే కావాలి. డబ్బా మీదేమో కంపెనీవాడే 40 వాట్లని రాసుకున్నాడు. అయినా 6,000 వచ్చినా తక్కువేం కాదు. అవి పోయి ఎక్కడ పడతాయో డబ్బా మీద రాయడు.

రేగొండ దగ్గర

లైటు బాగైంది కదా, ఆగాలి కదా? ఆగలేదు. 2021లో మా రైడింగ్ బ్యాచ్‌లో అందరికీ ఆక్స్ లైట్లు (హెడ్‌లైటు కాక అదనంగా బిగించేవి) వచ్చేశాయి. నా బండి మధ్యలో బోసిగా కనిపించింది. ఇదీ అసలు కారణం, సేఫ్టీ గురించి అప్పుడు నేను చెప్పిందంతా తర్వాత అల్లింది. క్రాష్ గార్డుకు చెరోటి బిగించి, తాళం తిప్పితే కరెంటు వచ్చేలా, ఒక స్విచ్చితో వెలిగేలా ఇచ్చారు. ఏ ఎత్తుకు తిప్పాలంటే షాపు పిల్లాడు ఒక కన్ను మూసి చూసి "సీదా ఉన్నయన్నా" అన్నాడు.

2022 మే. యాసంగి కోతలు అయిపోయి వడ్లు రోడ్లెక్కిన రోజులు. కాళేశ్వరం నుంచి తిరుగు ప్రయాణం. భూపాలపల్లి దాటేసరికి రాత్రి ఎనిమిదిన్నర. ఎదురుగా ఇసుక లారీలు ఒకదాని వెనక ఒకటి, ఏ ఒక్కటీ డిప్పర్ కొట్టడం లేదు. ఆ దుమ్ములో నేను కూడా మూడు లైట్లూ వేసేసి పంతంగా వస్తున్నాను. రేగొండ దగ్గర ఒక ఊరు దాటగానే లారీల వరుస తెగింది, రోడ్డు ఖాళీ అయింది. స్పీడు ఎనభై ఉంటుంది.

ముందు పదిహేను మీటర్ల రోడ్డు పగటిలా ఉంది. దాని అవతల ఏమీ లేదు. ఆ ఏమీ లేనిదే వచ్చి నా చక్రానికి తగిలింది. వడ్ల రాశి మీద కప్పిన నల్ల పట్టా, గాలికి లేవకుండా అంచు వెంట పేర్చిన రాళ్లు. వెలుగును వెనక్కి పంపడం నల్ల పట్టాకు తెలియదు. మోకాలెత్తు కూడా లేదు కాబట్టి ఆకాశం మీద ఆకారం కూడా తేలదు. బ్రేకు కాస్త అందిందనుకుంటా, రాయి ఎక్కిన చక్రం పక్కకు కోసుకుపోయి నన్ను రాశి మీదికి విసిరింది. ఆ వడ్లే మెత్తగా పట్టుకున్నాయి. మోచెయ్యి చెక్కుకుపోయింది, ముందు రిమ్ము వంకరపోయింది. బండి పడిపోయి కూడా రెండు ఆక్స్ లైట్లూ దర్జాగా చింతచెట్టు కొమ్మల్లోకి వెలుగుతున్నాయి.

రోడ్డు పక్కన మంచం మీద నుంచి ఒక పెద్దాయన లేచొచ్చాడు. ముందు "దెబ్బ తాకిందా బిడ్డా?" అన్నాడు. సీసాలో నీళ్లిచ్చాడు. నేను కూర్చుని తాగాక లైట్ల వైపు చూసి అన్నాడు.

"గంత పెద్ద లైట్లున్నయ్ గదా, కనవడలే?"

వెటకారం కాదు. ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. నేను వస్తున్న సంగతి చూసి, రోడ్డు మీదికి వచ్చి, సెల్‌ఫోన్ టార్చి ఊపుతూ నిలబడ్డాడట. "నీ లైట్లకు నా కండ్లే మూసుకపాయె. పక్కకు దుంకిన. ఇగ నువ్వు నన్నేం జూస్తవ్?"

ఇది విన్నాక మోచెయ్యి మంట కాసేపు తెలియలేదు. రాశి బదులు ఆయన తగిలి ఉంటే? చెదిరిన వడ్లు ఇద్దరం చేతులతో ఎత్తి మళ్లీ రాశి మీద పోశాం. వడ్లు కొనే సెంటర్‌లో కాంటా ఇంకా కాలేదట, మబ్బు పడితే ఏం చేయాలో అన్నదే ఆయన దిగులు. నన్ను పైసా అడగలేదు. రోడ్డు మీద వడ్లు పోయడం తప్పు కదా అని మీరనవచ్చు. తప్పే. కల్లం లేని రైతు ఎక్కడ ఆరబోయాలో చెప్పి ఆ తర్వాత అనండి.

గోడ మీద చాక్‌పీసు గీత

వాహనాల చట్టం కింద ఉన్న 1989 నాటి కేంద్ర నిబంధనల్లో 106వది లైట్ల గురించే. లైటుకు ఎనిమిది మీటర్ల దూరంలో, నేల నుంచి మీటరున్నర ఎత్తులో కళ్లున్న మనిషికి మిరుమిట్లు రాకుండా వెలుగు కిందికి వంగి ఉండాలి. ఏ ఆర్టీఓ అవసరం లేకుండా ఎవరింటి ముందు వాళ్లు చేసుకోగల పరీక్ష ఇది. రిమ్ము బాగయ్యాక నేను చేశాను. మా సందు చివర ప్రహరీ గోడకు ఎనిమిది మీటర్ల దూరంలో బండి నిలబెట్టి, హెడ్‌లైటు మధ్య భాగం ఎంత ఎత్తులో ఉందో కొలిచి, గోడ మీద చాక్‌పీసుతో ఆ ఎత్తున గీత గీశాను. డిప్పర్ వెలుగు పై అంచు ఈ గీతకు ఏడెనిమిది సెంటీమీటర్ల కిందికే ఉండాలి.

ఖాళీ బండి స్టాండు మీద ఉన్నప్పుడు బాగానే ఉంది. నేనెక్కి కూర్చుంటే అంచు గీతను తాకింది. మా ఆవిడను బతిమాలి వెనక కూర్చోబెట్టి, రెండు పక్కలా టూరుకు పోయే సంచుల్లో పాత పుస్తకాలు నింపి తగిలిస్తే అంచు గీత దాటి జానెడు పైకి పోయింది. ఎదురింటాయన బాల్కనీలోంచి "బండికి పూజనా?" అన్నాడు.

లెక్క వేస్తే ఆశ్చర్యమేం లేదు. బరువుకు వెనక సస్పెన్షన్ ఒక్క అంగుళం దిగిందనుకోండి. రెండు చక్రాల మధ్య దూరం దాదాపు 137 సెంటీమీటర్లు. ఆ ఒక్క అంగుళం వల్ల వెలుగు ఎనిమిది మీటర్ల దగ్గర 15 సెంటీమీటర్లు, యాభై మీటర్ల దగ్గర 90 సెంటీమీటర్లకు పైగా లేస్తుంది. అంటే డిప్పర్ కొట్టినా ఎదుటివాడికి అది అప్పరే. మనకేమో రోడ్డు మీద పడాల్సిన వెలుగు చెట్లకు పడుతుంది. సామాను కట్టుకుని తెలియని దారిలో పోయే రాత్రే లైటు బాగా కావాలి, సరిగ్గా ఆ రాత్రే అది వంకర పోతుంది. వెనక స్ప్రింగు ప్రీలోడ్ రెండు మెట్లు బిగించి, హెడ్‌లైటు స్క్రూ కొంచెం తిప్పితే సరిపోయింది. ఖర్చు లేదు. ఇన్నేళ్లలో ఏ సర్వీసింగ్‌లోనూ ఈ స్క్రూ సంగతి నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఎదుటోడు డిప్పర్ కొట్టకపోతే

ఇక్కడ మా బ్యాచ్ వాళ్లు నన్ను పట్టుకుంటారు. "నువ్వొక్కడివే ధర్మరాజులా డిప్పర్ కొట్టుకుంటూ పో, అవతలోడు నీ కండ్లు పొడుస్తడు." నిజమే. పరకాల రోడ్డు మీద రాత్రి పది తర్వాత మర్యాద ఆశిస్తే మనదే తప్పు. రెచ్చిపోయి నేనూ తిరిగి కొట్టిన రాత్రులున్నాయి. ఇప్పటికీ ఎవడైనా మరీ మొండిగా వస్తే బొటనవేలు స్విచ్చి మీదికి పోతుంది. కానీ ఒకటి ఆలోచించండి. నా లైటుతో వాడి కళ్లు మూసుకుపోయేలా చేస్తే నాకు ఒరిగేదేమిటి? గుడ్డివాడైన లారీ డ్రైవరు ఎనభై స్పీడులో నా వైపే వస్తున్నాడు. అంతే కదా. నేనిప్పుడు చేసేది వేగం తగ్గించి, ఎదుటి వెలుగును చూడకుండా ఎడమ అంచు తెల్ల గీతను చూస్తూ పోవడం. గీత లేని రోడ్డయితే ఇంకా నెమ్మదిగా. ఇంతకంటే మంచి ఉపాయం నా దగ్గర లేదు.

రెండో వాదన ఇంకా బలమైనది. మూడు లైట్లుంటే పెద్ద బండ్లవాళ్లు మనల్ని లెక్కచేస్తారని. పగటిపూట లైటు వల్ల మేలుందనేది అందరూ ఒప్పుకున్నదే, 2017 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు ఇంజనుతో పాటే హెడ్‌లైటు వెలగాలన్న నియమం వచ్చింది అందుకే. రాత్రి సంగతి మాత్రం గూడెప్పాడ్ దగ్గర చాయ్ తాగుతూ ఒక బొగ్గు టిప్పర్ డ్రైవర్‌ను అడిగాను. "అన్నా, గట్ల కొట్టుకుంట వస్తే నువ్వు కనవడవు, లైటే కనవడ్తది. నువ్వు ఎంత దూరంల ఉన్నవో, ఏ స్పీడ్ల వస్తున్నవో అందాజ రాదు. నేను కట్ తీసుకోవాల్నా వద్దా ఎట్ల తెలుస్తది?" లెక్కచేయడం మాట అటుంచి, లెక్క వేయడానికే వీల్లేదంటున్నాడు. ఒక్క మనిషి మాటే, సర్వే కాదు. అయినా ఆ రోడ్డు మీద ఆయన తిరిగినంత మా బ్యాచ్ మొత్తం కలిసినా తిరగలేదు.

ఇప్పుడు నా బండికి ఉన్నవి

హెడ్‌లైటులో మామూలు 60/55 హాలోజన్. చాచా రిలే. క్రాష్ గార్డు మీద పాతవి తీసేసి 20 వాట్ల చిన్న పసుపు లైట్లు రెండు. రెండూ కలిసి లాగేది మూడు ఆంపియర్లు, వాటికి వేరే 5 ఆంపియర్ల ఫ్యూజు. అసలు కిటుకు వాటి రిలేలో ఉంది. దానికి సైగ అప్పర్ వైరు నుంచి వస్తుంది. అప్పర్‌లో ఉంటేనే అవి వెలుగుతాయి, డిప్పర్ కొట్టగానే అప్పర్ వెలుగుతో పాటే ఆరిపోతాయి. నా మంచితనం మీద నాకు అంత నమ్మకం లేదు కాబట్టి ఆ పని వైరుకు అప్పగించాను. తాడ్వాయి అడవిలో ఖాళీ రోడ్డు మీద అవి నిజంగా బంగారం. రోడ్డు అంచున పడుకున్న బర్రెలు, గుంతల నీడలు చక్కగా తేలుతాయి.

పసుపు గురించి ఒక మాట. పొగమంచును పసుపు వెలుగు చీల్చుకుపోతుందని షాపుల్లో చెబుతారు. మంచు తుంపరలు వెలుగు తరంగం కంటే ఎన్నో రెట్లు పెద్దవి, రంగును బట్టి దారి ఇవ్వవు. నీలం పాలు తగ్గడం వల్ల వెనక్కి కొట్టే వెలుగు కంటికి తక్కువ చికాకు, నాకు తెలిసిన లాభం అదే. ఫ్రాన్సులో 1993 దాకా కార్లకు పసుపు హెడ్‌లైట్లే తప్పనిసరి. తర్వాత వదిలేశారు.

ఇవన్నీ ఉంటే ఆ రోజు రేగొండలో పట్టా కనిపించేదా? చాలాసార్లు వేసుకున్న లెక్క ఇది. ఎనభైలో చూసి తేరుకోవడానికి సెకనున్నర అనుకుంటే ఆ లోపే 33 మీటర్లు పోతాం, బ్రేకు పట్టి ఆగడానికి ఇంకో 40. మొత్తం డెబ్బైకి పైనే. అరవైలో అయితే 48. డిప్పర్ వెలుగు చేరేది యాభై, మహా అయితే అరవై మీటర్లు, అదీ తెల్ల చొక్కా మనిషయితే. నల్ల పట్టా అంత దూరాన కనిపించదు. యాభైలో వస్తే తప్పేదేమో. ఇప్పుడు కోతల కాలంలో రాత్రి పల్లె రోడ్ల మీద యాభై దాటను. హైదరాబాద్ నాలుగు లైన్ల రోడ్డెక్కితే ఈ నిష్ఠ అంతగా ఉండదు, ఒప్పుకుంటా.

ఇదంతా ఫోన్‌లో తమ్ముడికి అరగంట చెప్పాను. "అంత మంచిగనే ఉందన్నా, ఇంతకు ఏ కంపెనీది కొనాలె?" అన్నాడు. ఆదివారం పొద్దుగూకాక బండి తీసుకుని రమ్మన్నాను. ఖాళీగా కాదు, దోస్తును వెనక కూర్చోబెట్టుకుని, సిరోంచకు పోయే సంచులన్నీ కట్టుకుని. చాక్‌పీసు నా దగ్గరుంది.